మీ నంబరు ఇక్కడ రాయగలరు

బందరులో ఫ్రిజ్జులు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక షోరూములో ముప్పై ఏళ్ళకు పైగా ఫిర్యాదుల బల్ల వెనక కూర్చున్నాను. కొనేటప్పుడు జనం నవ్వుతూ అమ్మకాల బల్ల దగ్గరికి వెళ్ళేవారు. చెడిపోయాక నా దగ్గరికి వచ్చేవారు. ఆ లెక్కన నవ్వుతూ వచ్చిన మనిషిని నేను చూసింది తక్కువ.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మూర్తిగారూ, ఫేసుబుక్కులో, వాట్సాపులో కస్టమర్లతో ఎలా మాట్లాడాలో చెప్పండి" అని అడుగుతుంటారు. ఎలా మాట్లాడాలో నాకు అంతంతమాత్రమే తెలుసు. ఎలా మాట్లాడకూడదో మాత్రం నాకన్నా బాగా చెప్పగలవాడు కృష్ణా జిల్లాలో లేడు. అన్నీ స్వయంగా చేసి చూశాను. జీతం ఎప్పుడు పెరిగింది, హోదా ఏమైంది అన్నవి ఇక్కడ రాయను. అదేమీ పెద్ద త్యాగం కాదు, రాయడానికి అంత సరుకు లేదు.

ఎర్ర అట్ట రిజిస్టరు

మొదట్లో నా ఆయుధం ఒక్కటే. ఎర్ర అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు, దానికి పురికొసతో కట్టిన పెన్ను. వచ్చినవాళ్ళు ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, ఫోను నంబరు, ఇంటి గుర్తు అందులో రాసేవారు. "రైసు మిల్లు ఎదురు సందు, నీలం గేటు, కుక్క ఉంది" అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. అది ఎప్పుడూ బల్ల మీద తెరిచే ఉండేది. తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు కాలక్షేపానికి పేజీలు తిరగేసేవారు. బంటుమిల్లి నుంచి గ్రైండరు తెచ్చిన ఒకాయనకి అందులో చిన్ననాటి స్నేహితుడి నంబరు దొరికితే, అది నా సేవాభావమని ఇంటికెళ్ళి చెప్పుకున్నాను.

మా వైపు మనిషికి పేరొక్కటే చాలదు. "ఎవరి తాలూకండీ?" అని అడగందే మాట ముందుకు కదలదు. ఫలానా వారి తాలూకు అన్నారంటే ఇక మనవాళ్ళే. వారంటీ అయిపోయిన మెషీనుకి కూడా మెకానిక్కుని పంపేవాణ్ణి. ఒక్క అబద్ధం ఆడి ఎవరైనా నన్ను బుట్టలో వేసుకోవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు. ఆ రోజుల్లో ఆడినవాళ్ళు ఉంటే, మంచివాళ్ళే, గ్రైండరు బాగుచేయించుకుని వెళ్ళిపోయారు.

వంకాయ కూర సంగతి

మా యజమాని వెంకటరత్నం గారు. చెడ్డవాడు కాదు. తప్పు జరిగితే మాత్రం "ఏం జరిగింది?" అని కాకుండా "ఎవరు చూశారు?" అని ముందు అడిగే మనిషి. ఆయన కోడలు ఒకసారి సెలవులకి వచ్చి, షోరూముకి ఫేసుబుక్కు పేజీ, వాట్సాపు పెట్టి వెళ్ళింది. మర్నాడు ఆయన నన్ను అద్దాల గదిలోకి పిలిచి, "మూర్తీ, ఇది కూడా నీ ఫిర్యాదుల లాంటిదే. నువ్వే చూసుకో" అన్నారు. అప్పటికి నా ఫోనులో నేను చేయగలిగిన ఘనకార్యం, పొద్దున్నే అందరికీ దేవుడి బొమ్మతో శుభోదయం పంపడం.

పేజీలో నా జవాబులు ఇలా ఉండేవి: "శ్రీయుతులు ఫలానా గారికి నమస్కారములు. తమ ఫిర్యాదు అందినది. ఇట్లు, మూర్తి, కస్టమర్ కేర్, బందరు." ఇన్‌లాండు కవరు రాసే చెయ్యి మరి.

పామిడిముక్కల నుంచి ఒకాయన, మిక్సీ కాలిపోయిందని ఒకే రోజు మూడుసార్లు రాశారు. చిరాకొచ్చి మా ఆవిడకి వాట్సాపులో రాశాననుకుని, "ఈ పామిడిముక్కల ఆయన నా ప్రాణం తీస్తున్నాడు. మిక్సీలో రాళ్ళు రుబ్బుతున్నాడేమో. ఇవాళ వంకాయ కూర చెయ్యి" అని పెట్టాను. అది వెళ్ళి ఆయన ఫిర్యాదు కిందే, షోరూము పేరుతో కూర్చుంది. ఆయన నిమిషంలో జవాబిచ్చారు. "రాళ్ళు కాదండీ, మినప్పప్పు. వంకాయ కూరలోకి మసాలా నూరదామన్నా మిక్సీ లేదు, ఏం చేయమంటారు?"

బందరంతా నవ్వింది. వెంకటరత్నం గారు "ఎవరు చూశారు?" అని కూడా అడగలేదు, ఆయన భార్యే చూపించిందట. నేను చెమటలు కక్కుతూ, "తప్పు రాశానండీ, క్షమించండి" అని అందరి ముందూ పెట్టి, మర్నాడు పొద్దున్నే మెకానిక్కుతో నేనే బయల్దేరి వెళ్ళాను. ఆయన కాఫీ ఇచ్చి, "వంకాయ కూర చేసిందాండీ మీ ఆవిడ?" అని అడిగారు. తప్పు నలుగురిలో చేస్తే క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలని అప్పుడు తెలిసింది. తెలిసింది అన్నాను గానీ వంటబట్టింది అనలేదు. అది ముందు ముందు చూస్తారు.

ఆ తర్వాత నాకు కాస్త మంచి పేరు కూడా వచ్చింది, అదే కొంప ముంచింది. కృత్తివెన్ను నుంచి ఒక రొయ్యల రైతు, కొత్త వాషింగ్ మెషీను గంతులేస్తోందని వీడియో పంపాడు. లారీలో డ్రమ్ము కదలకుండా వెనకాల బిగించే బోల్టులు తీయలేదని చూడగానే తెలిసిపోయింది. ఇక్కడి నుంచే చెప్పి తీయించాను. ఆయన పేజీలో నన్ను దేవుణ్ణి చేసి రాశాడు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. ఏ ఫిర్యాదుకైనా పది నిమిషాల్లో జవాబివ్వాలని పంతం పట్టాను. భోజనం మధ్యలో ఎడం చేత్తో టైపు చేసేవాణ్ణి. ప్రతి ఫిర్యాదు కిందా ఒకే వాక్యం పెట్టేవాణ్ణి: "తమ పూర్తి పేరు, ఊరు, కొన్న వస్తువు, మీ నంబరు ఇక్కడ రాయగలరు."

రాసేవారు. ఎర్ర రిజిస్టరులో రాసినట్టే, కుక్క సంగతితో సహా. ఇది బల్ల మీద తెరిచి పెట్టిన రిజిస్టరే అనుకున్నాను. బల్ల ముందు ఎంతమంది నిలబడ్డారో మాత్రం కనపడదని ఆలోచించలేదు.

నా తాలూకు మనిషి

నాగాయలంక దాటాక సముద్రం వైపు ఒక పల్లెలో నాంచారమ్మ అని ఒకావిడ ఉంది. భర్త చేపల వేటకి వెళ్తాడు. ఆవిడ పండుగప్ప, వంజరం, చందువా చేపలు ఐసు పెట్టెల్లో సర్ది, బస్సు మీద గుడివాడ పంపేది. అక్కడ ఒక ఆటో ఆయన ఇళ్ళకి చేర్చేవాడు. బేరాలన్నీ వాట్సాపులోనే. పట్టిన చేప ఫొటో ఆవిడ పెడితే, ఎవరికేం కావాలో వాళ్ళు చెప్పేవారు. ఎప్పుడూ ఆవిడ ముఖం చూడని ఇళ్ళు కూడా ఆవిడ మాట మీద ముందుగా డబ్బు పంపేవి.

ఆవిడ మా దగ్గర పెద్ద ఫ్రీజరు కొంది. ఒకరోజు అది ఆగిపోయిందని పేజీలో రాసింది. నేను పది నిమిషాలు కూడా కానివ్వలేదు. "మీ నంబరు ఇక్కడ రాయగలరు. ఇట్లు, మూర్తి." ఆవిడ "అలాగేనండి" అని రాసేసింది.

గంటలో ఆవిడకి ఫోను వచ్చింది. "అమ్మా, బందరు షోరూము నుంచి. మూర్తిగారి తాలూకు. మీ ఫ్రీజరు ఆగిందట కదా? ఇప్పుడు మీ ఫోనుకి ఆరంకెల ఫిర్యాదు నంబరు వస్తుంది, చెప్పండి." ఫ్రీజరు ఆగిన సంగతి తెలుసు, నా పేరు తెలుసు. ఇంకేం కావాలి? చెప్పింది. ఆ ఆరంకెలూ ఆవిడ వాట్సాపు తాళం చెవి. క్షణంలో ఆ వాట్సాపు వాడి చేతిలో పడింది. "ఆదివారానికి పండుగప్ప చవగ్గా వచ్చింది, ముందు కట్టినవాళ్ళకే, ఈ కొత్త నంబరుకి పంపండి" అని ఆవిడ పేరుతో గుడివాడ అంతా సందేశాలు వెళ్ళాయి. కొందరు పంపారు. ఆదివారం చేప రాలేదు. సాయంత్రానికి వాళ్ళ అపార్టుమెంటు గ్రూపులో "నాంచారమ్మ దొంగ" అన్న మాట తిరిగింది.

ఇవేవీ నాకు తెలియవు. రెండు మూడు రోజులయ్యాక పొద్దున్నే ఒకావిడ ఐసు పెట్టెతో మా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మూర్తిగారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. ఏం చెడిపోయింది?"

"చెడిపోయినందుకు కాదండీ. మీకో మాట చెబుదామని వచ్చాను. ఎవడో దొంగ వెధవ మీ పేరు చెప్పుకుని తిరుగుతున్నాడు. మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి" అని, జరిగిందంతా చెప్పింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఫోను మీదకి పోయింది. పేజీలో నా వాక్యం, కింద ఆవిడ నంబరు అలాగే ఉన్నాయి. లేచి అద్దాల గదిలోకి వెళ్ళి వెంకటరత్నం గారికి చూపించాను.

"ఎవరు చూశారు?" అన్నారు.

"చూశామని ఇంకా ఎవరూ అనలేదండీ."

"అయితే ఆ ముక్క తీసెయ్. మనవాళ్ళెవరూ ఫోను చేయలేదని చెప్పి పంపించు. క్షమాపణలూ గట్రా పెట్టకు, పెడితే ఒప్పుకున్నట్టే."

తీసేశాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా నాకన్నా సిగ్గుంటుంది. బయటికి వచ్చి, "మా షోరూము నుంచి ఎవరూ చేయలేదమ్మా" అన్నాను. చూడండి, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"అదే కదండీ నేనూ అంటున్నాను. మీరట్లాంటివారు కాదని మా ఆయనతో పోట్లాడి మరీ వచ్చాను" అంది నాంచారమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ళ డబ్బు పోయిందంటే మళ్ళీ వేటకెళ్ళి తీర్చుకుంటామండీ. నన్ను దొంగ అన్నారు. మీరొక్కసారి గుడివాడ వచ్చి నేను కాదని చెప్తారా? చదువుకున్నవారు, మీరు చెప్తే నమ్ముతారు" అంది.

"ఫ్రీజరు సంగతేమైంది?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక.

"దానికేవుందండీ, ప్లగ్గు కాలింది. మా ఆయన మార్చాడు."

ప్లగ్గు! నేను పది నిమిషాల్లో జవాబివ్వకుండా తిన్నగా అన్నం తిని ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

గుడివాడ బస్సు

సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. టిక్కెట్లు రెండూ ఆవిడే తీసింది. "నా కోసం వస్తున్నారు కదండీ" అంది, వద్దన్నా వినలేదు. ఐసు పెట్టె పెట్టడానికి చోటు లేక నా ఒళ్ళో పెట్టుకున్నాను. చేప ముట్టని వంశం మాది. డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళకి తలో చేపా ఇద్దామని ఆవిడ తెచ్చిన పెట్టె అది. పెదన వచ్చేసరికి వంజరం నీళ్ళు నా తెల్ల చొక్కా మీద కారడం మొదలుపెట్టాయి.

"ఈ నాలుగైదు రోజులూ మా ఆయన అంటూనే ఉన్నాడండీ, బుద్ధి లేనిదానివని. నాకూ అదే అనిపిస్తోంది. ఎవడో అడిగితే అంకెలు చెప్పేయడమేంటి, చిన్నపిల్లలా" అంది నాంచారమ్మ, కిటికీ వైపు చూస్తూ.

ఇక నావల్ల కాలేదు. "మీ నంబరు వాడికి ఎక్కడ దొరికిందో తెలుసా? మా పేజీలో. అక్కడ రాయమన్నది నేను. తప్పు మీది కాదమ్మా, నాది" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. పొలాలు, చెరువులు, మళ్ళీ పొలాలు. గుడ్లవల్లేరు దాటాక నా వైపు తిరిగి, "అయితే వచ్చేటప్పుడు టిక్కెట్లు మీరు తీయండి" అంది. నవ్వలేదు. నేను తలూపాను.

మోసపోయినవాళ్ళని "అంతమాత్రం తెలియదా?" అనకండి. పోయినదాని కన్నా ఆ మాటే వాళ్ళని ఎక్కువ కాలుస్తుంది. దొంగ వాడుకున్నది ఆవిడ తెలివితక్కువతనాన్ని కాదు, నా మీద ఆవిడకున్న నమ్మకాన్ని.

ఎవరి తాలూకు?

గుడివాడలో బస్సు దిగిన దగ్గర్నుంచి రెండు పిల్లులు నా వెంట పడ్డాయి. వీధంతా చూసింది. మేం వెళ్ళిన మొదటి ఇల్లు ఒక రిటైరైన టీచరు గారిది. గ్రూపులో అందరూ ఆవిడ మాట వింటారట. తలుపు సగమే తీశారు.

"నాంచారమ్మనండీ."

"మొన్న వాట్సాపులో కూడా నాంచారమ్మనే అన్నారు. ఈయనెవరు?"

నేను ఛాతీ విరిచి గుర్తింపు కార్డు చూపించాను. "ఇలాంటివి జిరాక్సు షాపులో ఎన్నయినా చేయించుకోవచ్చు" అన్నారావిడ. పోనీ మా యజమానితో మాట్లాడమని, ఆవిడ ఫోను నుంచే వెంకటరత్నం గారికి చేయించాను. కొత్త నంబరు నుంచి ఎవరేం అడిగినా చెప్పవద్దని ఆ పొద్దున బయల్దేరేముందు ఆయనకి గట్టిగా చెప్పి వచ్చింది నేనే. "మీ దగ్గర మూర్తి అని ఉన్నారా?" అని టీచరు గారు అడగ్గానే, "అలాంటివాళ్ళెవరూ లేరు, రాంగ్ నంబరు" అని పెట్టేశారు. ముప్పై ఏళ్ళలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే.

టీచరు గారు తలుపు వేయబోయి, నాంచారమ్మ ముఖం చూసి ఆగారు. "సరే, నువ్వు నాంచారమ్మవే అయితే, మా ఇంటికి చేప ఎలా పంపుతావో చెప్పు."

"ముక్కలు సన్నగా కోయించాలండీ. తల విడిగా కట్టాలి, మీ అత్తగారికి పులుసులోకి. తోక ముక్క మీకొద్దు, ఆటో ఆయనకిచ్చెయ్యమంటారు. మొన్న ఉగాదికి మీరు చేప వద్దంటే మీ అత్తగారు నాకు విడిగా మెసేజి పెట్టారండీ, ఆ సంగతి మీకు చెప్పద్దన్నారు."

లోపల నుంచి ముసలావిడ నవ్వు వినిపించింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. టీచరు గారు నా వైపు చూసి, "మరి ఈయన?" అన్నారు.

నాంచారమ్మ నన్నూ, నా చొక్కానీ, పిల్లుల్నీ చూసింది. "ఈయన మూర్తిగారండీ. నా తాలూకు" అంది.

ఎవరి తాలూకు అని జీవితమంతా జనాన్ని అడిగినవాణ్ణి. ఆ పూట గుడివాడలో నా కార్డు చెల్లలేదు, నా యజమాని చెల్లలేదు, ఆవిడ మాట చెల్లింది.

గుమ్మం గుమ్మం తిరిగి చెప్పాం. ఒక సంగతి దాచకుండా రాయాలి. "మా పేజీలోంచి నంబరు పోయిందండీ" అన్నాను ప్రతి చోటా. నేను రాయమన్నానని అనలేదు. నాకున్న కాస్త ధైర్యమూ బస్సులోనే ఖర్చయిపోయింది. నాంచారమ్మ పక్కనే ఉండి విన్నది, నా గుట్టు బయటపెట్టలేదు. టీచరు గారు గ్రూపులో ఆవిడ తప్పేమీ లేదని రాశారు. వాట్సాపు మళ్ళీ ఆవిడ చేతికి రావడానికి వారం పట్టింది. బేరాలు మెల్లగా తిరిగొచ్చాయి. రెండిళ్ళు మాత్రం మళ్ళీ కొనలేదు, ఆ రెండిళ్ళ పేర్లూ ఆవిడకి ఇప్పటికీ గుర్తే.

మర్నాడు ఎర్ర రిజిస్టరు సొరుగులో పెట్టి తాళం వేశాను. పేజీలో పాత నంబర్లన్నీ కూర్చుని తీసేశాను. "మీ ఫిర్యాదు చూశాం. బిల్లులో ఉన్న నంబరుకి మేమే చేస్తాం. మీ నంబరు ఇక్కడ రాయకండి. మేం ఏ అంకెలూ అడగం, అడిగితే మేం కాదు" అని కొత్త వాక్యం పెట్టాను. వెంకటరత్నం గారు సణిగారు, తర్వాత తన వాట్సాపుకి రెండో తాళం, అదే ఆ పిన్ను, ఎలా వేయాలో నన్నే అడిగారు. మీకు చెప్పేది కూడా ఇంతే. పలకరింపు పదిమందిలో, వివరాలు చాటుగా. జవాబు గంట ఆలస్యమైతే తిట్టేవాడు తిడతాడు, తిట్టనివ్వండి. దెబ్బ తగిలితే సిగ్గుపడి దాచుకోకుండా ఆ గంటలోనే బ్యాంకుకీ, సైబరు పోలీసులకీ చెప్పించండి. ముందు మీరు ఒప్పుకోవాల్సింది ఉంటే ఒప్పుకోండి.

మాట గుర్తు

ఇది రాసేముందు నాంచారమ్మని అడగడం మర్యాద అనిపించింది. రిటైరయ్యాక నా నంబరు మారింది. ఫోను చేశాను.

"మూర్తినమ్మా, బందరు."

"ఏ మూర్తి?"

"అదేనమ్మా, షోరూము మూర్తిని. గుడివాడ వచ్చాం కదా."

"అయితే ఆ రోజు మీ వెంట ఏం పడ్డాయో చెప్పండి."

"రెండు పిల్లులు."

"అది గుడివాడలో అందరూ చూశారండీ. ఇంకోటి చెప్పండి. పెదన దాటాక బస్సులో నాతో ఏమన్నారు?"

వరండాలో ఉన్నాను. ఎదురింటాయన పేపరు చదువుకుంటున్నాడు. గొంతు తగ్గించి చెప్పాను.

"వినపడట్లేదండీ, గాలి హోరు. గట్టిగా!"

"తప్పు మీది కాదమ్మా, నాది!" అని అరిచాను. ఎదురింటాయన పేపరు దించాడు. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఆఁ, మీరే. చెప్పండి మూర్తిగారూ, బాగున్నారా?" అంది నాంచారమ్మ, గొంతు నిండా నవ్వుతో. రాస్తున్న సంగతి చెప్పాను. "రాసుకోండి. నా నంబరు మాత్రం అక్కడ రాయకండి" అంది.

నంబరు రాయలేదు. బస్సులో అన్న మాట మాత్రం రాశాను. గుడివాడలో ప్రతి గుమ్మం ముందూ నేను అనాల్సింది అదే.